అక్షింతల పురుగును మిద్దె మీద నిలబెట్టుకోవడం ఎలా

సంక్రాంతి ముందర తిరుపతిలో ఏ మిద్దెతోట చూసినా చిక్కుడు తీగల చివర్లు నల్లగా, జిగటగా ఉంటాయి. దగ్గరికెళ్లి చూస్తే కొమ్మ కనిపించనంతగా రసం పీల్చే చిన్న పురుగు, పేనుబంక. వెంటనే అందరూ చేసే పని వేపనూనె కలిపి కొట్టడం. నాలుగు రోజులు తగ్గినట్టు ఉంటుంది, వారం తిరక్కుండా మళ్లీ కమ్ముకుంటుంది. కారణం లెక్కలో ఉంది. పేనుబంకకు మగతోడు అక్కర్లేదు. మన వాతావరణంలో ఆడపేను గుడ్లు కూడా పెట్టదు, నేరుగా పిల్లల్నే వేస్తుంది. ఆ పిల్ల వారం, పది రోజుల్లో తానే తల్లవుతుంది. దాన్ని తినే అక్షింతల పురుగు, అదే లేడీబగ్, గుడ్డు నుంచి పెద్దదయ్యేసరికి రెండు వారాలు దాటుతుంది. మందు కొట్టిన ప్రతిసారీ రెండూ చస్తాయి, ముందు కోలుకునేది మాత్రం పేనే.

అందుకే ఈ పని సగం పురుగుల్ని తేవడంలో ఉంటే, మిగతా సగం ఆ నిదానస్తురాలికి మనం అడ్డం పడకుండా ఉండటంలో ఉంది. చెట్టు మీద కొంచెం పేను ఎప్పుడూ ఉంటుంది, ఉండాలి కూడా. అది చూసి చెయ్యి ఆగదనుకుంటే ఈ పద్ధతి జోలికి పోవద్దు.

పేరొకటే, పురుగులు రెండు

మన జిల్లాల్లో వంగకూ కాకరకూ పట్టి ఆకు తినేసే పెంకు పురుగును కూడా అక్షింతల పురుగనే పిలుస్తారు. చుట్టాలే, కానీ ఒకటి మాంసాహారి, ఇంకొకటి శాకాహారి. తేడా తెలియక మంచిదాన్ని నలిపి చెడ్డదాన్ని వదిలేసేవాళ్లు చాలామంది.

వెలుతురులో పెట్టి వీపు చూడండి. పేనును తినేది వార్నిష్ కొట్టినట్టు నిగనిగలాడుతుంది. వంగ మీదిది తుప్పు రంగులో మసకగా ఉంటుంది, భూతద్దంలో చూస్తే ఒళ్లంతా సన్నటి నూగు. మచ్చలు లెక్కపెట్టినా తెలుస్తుంది: వంగ మీదిదానికి 12 గానీ 28 గానీ చుక్కలుంటాయి. అది మేసిన ఆకు పచ్చదనమంతా గీకేసినట్టయి ఈనెలు మాత్రం జల్లెడలా మిగులుతాయి. పేనును తినే పురుగు ఉన్న ఆకుకు ఒక్క గాటు కూడా ఉండదు.

మన దగ్గర మిద్దెల మీద ఎక్కువగా కనిపించే మంచి పురుగు పసుపు, నారింజ రంగు వీపు మీద నల్లటి వంకర గీతలున్నది. చుక్కలు కాదు, గీతలు. బియ్యపు గింజంత పొడవు కూడా ఉండదు, 4 నుంచి 6 మిల్లీమీటర్లు. ఇంకొకటి కొంచెం పెద్దది, ఎర్రటి వీపు మీద నల్లటి అడ్డపట్టీలుంటాయి. పుస్తకాల్లో బొమ్మ వేసే ఏడు చుక్కల ఎర్ర పురుగు చల్లటి ప్రాంతాల్లో ఎక్కువ, మన ఎండకు దాని కోసం వెతకడం దండగ. ఇవి కాక నిమ్మపండు రంగులో మచ్చల్లేని రెక్కలతో చిన్నదొకటి సొర, గుమ్మడి ఆకుల మీద తిరుగుతుంటుంది. అది పేనును తినదు, బూడిద తెగులు బూజును గీక్కు తింటుంది. దాన్నీ వదిలేయండి.

అసలు పొరపాటు పిల్ల పురుగు దగ్గర జరుగుతుంది. పెద్ద పురుగును ఎవరైనా ముద్దుగానే చూస్తారు. దాని పిల్ల గుండ్రంగా ఉండదు, ఎగరదు. బూడిద నలుపులో పొడుగ్గా, వీపు మీద నారింజో తెలుపో మచ్చలతో, ఆరు కాళ్ల మీద గబగబా నడుస్తూ చిన్న ఉడుములా ఉంటుంది. చూడగానే ‘ఇదేదో కొత్త పురుగు ఆకు తింటోంది’ అనిపించి నలిపేస్తారు. పేనును నిజంగా ఊడ్చేసేది ఈ దశే: పేనును ముందరి కాళ్లతో పట్టి, రసం పీల్చి, చిప్ప పారేసి పక్కదాని మీద పడుతుంది. వంగ ఆకు మీది చెడ్డ పిల్ల పసుప్పచ్చగా, కోలగా, ఒళ్లంతా కొమ్మల్లాంటి ముళ్లతో ఉంటుంది, కదిలీ కదలనట్టు కదులుతుంది. ఈ తేడా ఇంట్లో అందరికీ చూపించాకే మిగతా పని మొదలుపెట్టండి, మొక్కలకు నీళ్లు పోసేవాళ్లకు మరీ ముఖ్యంగా.

గుడ్లు పసుపు రంగులో, నిలబెట్టిన గింజల్లా, పది నుంచి ముప్పై దాకా ఒకచోట గుంపుగా ఉంటాయి. ఆకు అడుగున, పేనుకు దగ్గర్లో చూడండి. వంగ, కాకర ఆకుల మీద పేను లేకుండా అలాంటి గుడ్ల గుంపు ఉందంటే అది చెడ్డదే, ఆకు తుంచి సబ్బు నీళ్లలో వెయ్యండి. ఇక ఆకుకు తోకతో అతుక్కుని, కదలకుండా, ఎండిన బొట్టులా కనిపించేది నాలుగు రోజుల్లో రెక్కలొచ్చే పురుగు. ఎండుటాకులు ఏరేటప్పుడు ఇవి చెత్తబుట్టలోకి పోతుంటాయి. ఏరిన ఆకుల్ని పారేసే ముందు నాలుగైదు రోజులు అక్కడే కుండీ పక్కన ఉంచితే సరిపోతుంది.

దేనికి పనికొస్తుంది, దేనికి రాదు

పేనుబంకకు బాగా పనికొస్తుంది. పిండినల్లికి వేరే పురుగు ఉంది, దాని సంగతి కింద చెబుతాం. పొలుసు పురుగులకు కొంతవరకు. తెల్లదోమ గుడ్లు, పిల్లలు దొరికితే తింటాయి గానీ వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. కాయతొలుచు పురుగు, ఆకుల్లో పాము గీతలు గీసే పురుగు, మిరపకు ముడత తెచ్చే తామర పురుగు, ఎర్రనల్లి, వీటికి ఈ పురుగుతో పని జరగదు.

ఇంకొకటి. మిరప ఆకులు చిన్నవై మచ్చలు పడ్డాయన్నా, బొప్పాయి ఆకు మీద పచ్చా పసుపూ కలిసి మచ్చలు వచ్చాయన్నా పేను వైరస్‌ను ఎక్కించి వెళ్లిపోయినట్టే. దానికి నిమిషాలు చాలు. తర్వాత ఎన్ని అక్షింతల పురుగుల్ని వదిలినా ఆ మొక్క బాగుపడదు. పీకేసి కవర్లో కట్టి పారెయ్యండి.

తేకముందు సర్దుకోవాల్సినవి

మందుల గడువు మొదటిది. మొక్కకు పాకి రసంలో నిలిచే ఇమిడాక్లోప్రిడ్, థయోమిథాక్సామ్ లాంటివి కొట్టి ఉంటే కనీసం నెల ఆగాలి. ఆ మొక్క రసం తాగిన పేనును తిన్నా పురుగుకు దెబ్బే. వేపనూనె కొట్టి ఉంటే వారం. వేప ‘సహజం’ కాబట్టి ఏమీ చెయ్యదనుకుంటారు. పెద్ద పురుగుకు పెద్దగా హాని లేకపోవచ్చు గానీ పిల్ల పురుగు కుబుసం విడవలేక చస్తుంది. సబ్బు నీళ్లూ కుంకుడు రసమూ తడిగా ఉన్నంతసేపే చంపుతాయి, ఆకు ఆరాక ఒకరోజు ఆగితే చాలు. కాబట్టి ముందు తగ్గించుకోవాల్సి వస్తే సబ్బు నీళ్లో, అంతకంటే ఉత్తి నీళ్లో వాడండి.

ఉత్తి నీళ్లను తక్కువ చేసి చూడొద్దు. పైపు మూతికి వేలు అడ్డం పెట్టి, చేత్తో కొమ్మ పట్టుకుని, ఆకు అడుగు నుంచి గట్టిగా కొడితే పేను ముప్పాతిక భాగం రాలిపోతుంది. రాలినవాటిలో చాలావాటికి మూతి విరిగి మళ్లీ ఎక్కలేవు. పొద్దున పూట, మూడు రోజులకోసారి రెండు సార్లు ఇలా చేసి, ఆ తర్వాత పురుగుల్ని వదలాలి. కొమ్మ నల్లబడేంత పేను ఉన్నప్పుడు ఇరవై పురుగుల్ని తెచ్చి వదిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

చీమలు రెండో సంగతి, పని చెడేది నూటికి తొంభై చోట్ల ఇక్కడే. పేను వదిలే తియ్యటి బంక కోసం చీమలు దాన్ని పాడి ఆవులా కాపాడుకుంటాయి. అక్షింతల పురుగు కనిపిస్తే కరిచి తరుముతాయి, గుడ్లు ఎత్తుకుపోతాయి. తీగ మీద చీమల బారు ఉన్నన్నాళ్లు పురుగుల్ని తేవడమే వద్దు. స్టాండు మీద కుండీలైతే నాలుగు కాళ్ల కిందా కొబ్బరి చిప్పలు గానీ గిన్నెలు గానీ పెట్టి నీళ్లు పోసి, పైన రెండు చుక్కల నూనె వెయ్యండి. నూనె మరవొద్దు, లేకపోతే అందులో దోమలు పుడతాయి. నేల మీద కుండీలైతే కాండానికి మూడు వేళ్ల వెడల్పున కాగితం చుట్టి దాని మీద గ్రీసు గానీ ఆముదం గానీ దట్టంగా పుయ్యాలి. కాండానికి నేరుగా పూస్తే బెరడు కుళ్లుతుంది. కొమ్మ గోడకు తగిలినా, పక్క కుండీకి తగిలినా ఈ కట్టుబాటంతా వృథా. చీమ ఆ వంతెన వెతుక్కోవడానికి ఒక పూట చాలు.

పుట్ట గోడలోనే ఉంటే ఎర పెట్టక తప్పదు. అర లీటరు గోరువెచ్చటి నీళ్లలో పది చెంచాల చక్కెర, ఒక చెంచా బోరిక్ పౌడరు, అదే క్యారమ్ బోర్డు మీద చల్లేది, కరిగించండి. దూది ముంచి సీసా మూతల్లో పెట్టి బారు నడిచే దారిలో ఉంచాలి. మందు ఎక్కువైతే చీమ దారిలోనే చచ్చి పుట్ట దాకా చేరదు, అందుకే ఒక చెంచా దాటొద్దు. వారం పడుతుంది. పిల్లలకూ పిల్లులకూ అందని చోట పెట్టండి.

మూడోది పసుపు జిగురు అట్టలు. తెల్లదోమ కోసం కట్టినవి అక్షింతల పురుగుల్ని కూడా పట్టేస్తాయి. వదిలే ముందు రోజే తీసెయ్యండి. మాగిన బెల్లం నీళ్లు చల్లితే మంచి పురుగులు వస్తాయని వీడియోల్లో చెబుతుంటారు. మన మిద్దెల మీద ముందొచ్చేవి చీమలే.

ఎక్కడి నుంచి తేవాలి

అమెరికా వీడియోల్లో ఒక సంచి కొని, తోటలో గుమ్మరించే దృశ్యం మీరు చూసే ఉంటారు. అవి కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా కొండల్లో చలికాలం గుంపులుగా పడుకున్నప్పుడు ఎత్తుకొచ్చి చల్లటి గదుల్లో దాచినవి. నిద్ర లేచి ఎగిరిపోవడం వాటి స్వభావం, అక్కడి తోటల్లోనే చాలావరకు నిలవవు. మనకు ఆ బాధ లేదు. మన పురుగులు మన పొలాల్లోనే ఉన్నాయి, ఉచితంగా.

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అలసంద, అనప చేలల్లో పేను పట్టిన చోట వెతకండి. చంద్రగిరి, రామచంద్రాపురం, పుత్తూరు వైపు ఊరు దాటితే చాలు. మొక్కజొన్న మొవ్వులో, శెనక్కాయ చేలో, గట్ల మీద వయ్యారిభామ మీద కూడా దొరుకుతాయి. రైతును అడిగి దిగండి. రెండు వారాల్లో మందు కొట్టిన చేనైతే వదిలెయ్యండి. జిల్లేడు మీద పసుపు రంగు పేను ఏడాది పొడవునా ఉంటుంది, వాటి మధ్య పురుగులూ ఉంటాయి. కానీ ఆ పేను జిల్లేడు పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది, దాన్ని తిని పెరిగినవి అంత గట్టిగా ఉండవు. వేరే చోట దొరక్కపోతేనే అక్కడికి వెళ్లండి. కొండ పక్కనే ఉంది కదా అని శేషాచలం అడవిలోకి మాత్రం పోవద్దు. 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించిన అడవి అది, అక్కడ పురుగు పట్టడమూ నేరమే.

పట్టే పద్ధతి సులువు. వెడల్పు మూతి సీసాను కొమ్మ కింద పెట్టి కొమ్మను తడితే పురుగు కాళ్లు ముడుచుకుని సీసాలో రాలుతుంది. పొద్దున ఏడు లోపు వెళ్తే ఎగరవు. పిల్ల పురుగుల్ని చేత్తో పట్టొద్దు, చిన్న పెయింటు బ్రష్షుతో ఎత్తండి, లేదా ఆకుతో సహా తుంచండి. నిజానికి పెద్దవాటి కంటే పిల్లలే మేలు: వాటికి రెక్కల్లేవు, ఎక్కడ దింపితే అక్కడే తింటాయి. పట్టుకున్నప్పుడు వేలికి పసుపు రంగు చెడు వాసన ద్రవం అంటుకుంటుంది. అది వాటి మోకాళ్ల నుంచి వచ్చే రక్షణ రసం, కడిగేస్తే పోతుంది.

సీసాలో నలిపిన టిష్యూ కాగితాలు వెయ్యండి, దాక్కోవడానికి సందులు కావాలి. మూతకు గుడ్డ కట్టండి, మేకుతో పొడిచిన మూతల్లో లోపలికి వంగిన రేకు వాటిని కోస్తుంది. పిల్లల్నీ పెద్దవాటినీ కలిపి వెయ్యొద్దు, ఆకలేస్తే ఒకదాన్నొకటి తింటాయి. పిల్లల సీసాలో పేను పట్టిన రెండు కొమ్మలు వేస్తే ఇల్లు చేరేదాకా గొడవ ఉండదు. బండి డిక్కీలో పెట్టి ఎండలో ఆపి టీ తాగితే తిరిగొచ్చేసరికి ఏమీ మిగలదు.

ఎన్ని కావాలి? పేను మధ్యస్థంగా ఉన్న ఒక చిక్కుడు కుండీకి నాలుగైదు పెద్దవి గానీ ఎనిమిది, పది పిల్లలు గానీ. యాభై కుండీల మిద్దె మీద పేను పట్టినవి పది ఉంటే నలభై పెద్దవి, లేదా దానికి రెట్టింపు పిల్లలు. అన్ని కుండీలకూ సమానంగా పంచొద్దు, పేనున్న చోటే దించండి. ఒక పెద్ద పురుగు రోజుకు ముప్పై, నలభై పేలను తింటుందని లెక్క వేసుకోండి.

వదిలే సాయంత్రం

సూర్యుడు దిగాక, గాలి ఆగాక. పగలు వదిలితే వెలుతురు వైపు ఎగురుతాయి, తెల్లారేసరికి పక్కింటి మందార మీద ఉంటాయి. ముందు మొక్క మీద నీళ్లు పిచికారీ చెయ్యండి. దాహంతో వచ్చినవి ఆ చుక్కల దగ్గర ఆగుతాయి. సీసాను మొక్క మొదట్లో అడ్డంగా పడుకోబెట్టి మూత తీయండి, పురుగు పైకి ఎక్కే రకం కాబట్టి దారిలో పేనును తానే కలుస్తుంది. పెద్దవాటిని వదిలితే కుండీ మొత్తానికి పాత దోమతెర కప్పి, అంచులు కింద దారంతో కట్టి రెండు రాత్రులు ఉంచండి. ఒకసారి అక్కడ తిని, గుడ్లు పెడితే తెర తీశాక పెద్దవి వెళ్లిపోయినా పరవాలేదు. పని చేసేవి ఆ గుడ్ల నుంచి వచ్చేవే.

నవంబర్‌లో వాన పడుతుందన్న వారం వదలొద్దు. ఈశాన్య రుతుపవనాల జడివాన మన దగ్గర గుడ్లనూ చిన్న పిల్లల్నీ కడిగేస్తుంది. వీధిలో దోమల పొగ వదిలిన రోజు, దాని మర్నాడు కూడా వద్దు. ఇల్లు మామిడి తోటను ఆనుకుని ఉంటే పూత కాలం మొత్తం, అంటే జనవరి, ఫిబ్రవరి, తేనెమంచు పురుగుకు కొట్టే మందు గాలికి మిద్దె దాకా వస్తుంది. ఏ రోజు కొడతారో తోటవాళ్లను అడిగి తెలుసుకుని, ఆ రోజు కుండీల మీద తడిపిన దుప్పటి కప్పడం తప్ప వేరే దారి లేదు. ఆ వారం దాటాకే వదలండి.

వదిలాక ఏం చూడాలి

మూడో రోజుకు పెద్ద పురుగు ఒక్కటీ కనిపించకపోతే కంగారు పడొద్దు, ఆకులు తిప్పి గుడ్లు చూడండి. గుడ్లు మూడు రోజుల్లో పగులుతాయి. నల్లటి చుక్కల్లాంటి పిల్లలు ఒకరోజు గుడ్డు చిప్పల మీదే గుంపుగా ఉండి, తర్వాత చెదురుతాయి. ఎనిమిది, పది రోజులు తింటాయి. రెండో వారానికి ఆకు మీద తెల్లటి పొట్టు రాలి కనిపిస్తుంది. ఆ పొట్టు పేను విడిచిన కుబుసం కూడా కావచ్చు కాబట్టి దాన్ని చూసి సంతోషపడొద్దు, కొత్త చివుర్లు చూడండి. చివురు నిటారుగా, బంక లేకుండా వస్తుంటే పని జరుగుతున్నట్టు.

పేల మధ్య గోధుమ రంగులో ఉబ్బి, కాగితంలా ఎండిన పేలు కనిపిస్తే వాటిని నలపొద్దు. అవి చిన్న కందిరీగ గుడ్డు పెట్టినవి, ఆ కందిరీగ కూడా మన పక్షమే. సన్నటి పోగు చివర ఒక్కొక్కటిగా నిలబడ్డ గుడ్లు అల్లిక రెక్కల పురుగువి. వాటినీ ఉంచండి.

గుడ్లున్నాయి, పిల్లలు లేవు అంటే చీమలు. పిల్లలున్నాయి, పెద్దవవడం లేదు అంటే దగ్గర్లో ఎక్కడో వేప. అన్నీ బాగుండి పేను మాత్రం తగ్గలేదంటే ఎరువు చూడండి. యూరియా, చిక్కటి పేడనీళ్లు, వారానికి రెండుసార్లు వేరుశనగ పిండి కషాయం పోసిన మొక్క మెత్తటి చివుర్లు వేస్తుంది. పేనుకు అంతకంటే విందు లేదు. నెల రోజులు నత్రజని ఆపండి.

జొన్న కుండీ

పేను అయిపోతే పురుగు వెళ్లిపోతుంది, ఇది దాని తప్పు కాదు. నిలబెట్టుకోవాలంటే కూరగాయలకు ఎక్కని పేనును ఒకచోట పెంచాలి. మొక్కజొన్న, జొన్న మొవ్వుల్లో ఉండే నీలి పచ్చ పేను గడ్డి జాతుల మీద తప్ప బతకదు. మిరపకూ వంగకూ చిక్కుడుకూ రాదు. పన్నెండు అంగుళాల కుండీలో ఇరవై జొన్న గింజలు వెయ్యండి. రెండు వారాలకు జానెడు పెరుగుతాయి. పొలం నుంచి పేనున్న మొవ్వు ఆకు తెచ్చి ముక్కలు చేసి వాటి మధ్య పెట్టండి. ఇంకో పదిరోజులకు పేను పరుచుకుంటుంది, అక్షింతల పురుగులు వెతుక్కుంటూ వస్తాయి. మూడు వారాలకోసారి కొత్త కుండీ వేస్తూ పోవాలి, ఎందుకంటే పాత జొన్న ముదిరి పసుపుబడుతుంది. ఈ కుండీకి కూడా చీమల కట్టు తప్పదు.

దాంతోపాటు రెండు మూడు కుండీల్లో కొత్తిమీరను కొయ్యకుండా పూతకు వదలండి. సోంపు, బంతి కూడా మంచివే. పేను తక్కువైన రోజుల్లో పెద్ద పురుగులు పుప్పొడి మీద నెట్టుకొస్తాయి.

పిండినల్లికి గుమ్మడికాయ

మందార, జామ, సపోటా మీద తెల్లటి దూదిలా పట్టే పిండినల్లికి పైన చెప్పిన పురుగులు అంతగా పనిచెయ్యవు. దానికి క్రిప్టోలీమస్ అనే ఆస్ట్రేలియా అక్షింతల పురుగు ఉంది. 1898లో కాఫీ తోటల పొలుసు పురుగు కోసం మన దేశానికి తెచ్చారు, ఆ పనికి అంతగా పనికిరాలేదు గానీ పిండినల్లి దగ్గర పేరు తెచ్చుకుంది. నాలుగు మిల్లీమీటర్ల నల్లటి రెక్కలు, తలా వెనక కొసా నారింజ. బెంగళూరులోని జీవనియంత్రణ ప్రయోగశాలల్లో పెంచి అమ్ముతారు. తిరుపతి వ్యవసాయ కళాశాలలో కీటక శాస్త్ర విభాగాన్ని అడిగితే ఆ సమయంలో ఎక్కడ దొరుకుతాయో చెబుతారు. రాత్రి బస్సులో వేయించుకుంటే తెల్లారేసరికి చేతికొస్తాయి, ఎండలో గోదాములో పడి ఉండే పద్ధతి వద్దు. పిండినల్లి గట్టిగా పట్టిన ఒక మందార చెట్టుకు పది పురుగులు. నాలుగైదు నల్లులే ఉంటే పురుగు ఎందుకు, స్పిరిట్లో ముంచిన దూదితో తుడిచెయ్యండి. ఈ పురుగు పిండినల్లి గుడ్ల సంచిలోనే తన గుడ్లు పెడుతుంది, గుడ్లసంచులు లేని చెట్టు మీద నిలవదు.

దీని పిల్ల పురుగు చూడటానికి అచ్చం పిండినల్లిలా ఉంటుంది, తెల్లటి మైనపు పోగులు కప్పుకుని. వదిలిన మూడో వారం ‘నల్లి ఇంకా పెద్దదైంది’ అని మందు కొట్టేది ఇక్కడే. చీపురు పుల్లతో తాకి చూడండి. నల్లి మూతి గుచ్చుకుని ఉంటుంది, కదలదు. పిల్ల పురుగు చకచకా నడిచిపోతుంది, పోగులు కూడా నల్లి పోగుల కంటే పొడుగ్గా చెదిరి ఉంటాయి, సైజులో నల్లికి రెండు మూడింతలు.

మళ్లీ మళ్లీ కొనకుండా ఇంట్లోనే పెంచుకోవచ్చు. ప్రయోగశాలలు చేసేదీ ఇదే, గుమ్మడికాయ మీద. రెండు కిలోల ముదురు గుమ్మడికాయ, గాట్లు లోతుగా ఉన్నది, తొడిమ విరగనిది తీసుకోండి. కడిగి నీడన ఆరబెట్టి, గీతలు పడ్డ చోట కొవ్వొత్తి మైనం కార్చి మూయండి, లేకపోతే అక్కడి నుంచే కుళ్లు మొదలవుతుంది. పిండినల్లి గుడ్లసంచులున్న మందార కొమ్మలు దాని మీద పెట్టి, పెద్ద అట్టపెట్టెలో ఉంచి, మూతకు బదులు పలచటి గుడ్డ కట్టండి. పెట్టె మందారకు దూరంగా, చీకటిగా, చీమల్లేని గదిలో ఉండాలి. పదిహేను రోజులకు కాయ తెల్లబడుతుంది. అప్పుడు పదిహేను క్రిప్టోలీమస్ పురుగుల్ని లోపల వదిలి ఒకరోజు తర్వాత తీసి చెట్ల మీద వదలండి. గుడ్డకు లోపలివైపు పలచటి తేనె చుక్కలు రాసి ఉంచండి. నెల తిరిగేసరికి కొత్త పెద్దవి గుడ్డ మీదికి పాకుతాయి, రోజూ సాయంత్రం ఏరుకోవచ్చు. కాయ మెత్తబడి నీరు కారితే మాత్రం ఆలోచించకుండా కవర్లో కట్టి పారెయ్యండి, లోపల ఎన్ని ఉన్నా సరే. ఆ నల్లి ఇల్లంతా పాకితే తీరదు.

బొప్పాయి మీది పిండినల్లికి ఇంత శ్రమ అక్కర్లేదు. దానికోసం 2010లో ఒక చిన్న కందిరీగను విదేశం నుంచి తెచ్చి వదిలారు, మందు కొట్టకపోతే చాలాచోట్ల అదే చూసుకుంటుంది.

నీటి గొట్టాల్లో ఆకుకూరలు పెంచేవాళ్లు

గొట్టాల్లో పాలకూర, లెట్యూస్ వేసినవాళ్లకు తేడా రెండే. ఖాళీ రంధ్రాలను, తొట్టి మూతను మూసెయ్యాలి, పురుగులు నీళ్లలో పడి చస్తాయి. రాత్రి దీపాలుంటే వదిలిన రెండు రోజులు ఆర్పాలి, లేకపోతే అన్నీ బల్బు చుట్టూ చేరతాయి. ఆకు పచ్చిగా తినేది కాబట్టి ఇక్కడ పెద్దవాటి కంటే పిల్లల్ని వదిలి, కోతకు రెండు వారాల ముందే ఆపేస్తే ఆకుల్లో పురుగు ఏరుకునే పని తగ్గుతుంది. షేడ్ నెట్టు నాలుగు వైపులా ఉంటే పురుగులు బాగా నిలుస్తాయి, మిద్దెల మీద దీనికంటే అనువైన చోటు లేదు.

ఎండాకాలం

ఏప్రిల్ వచ్చిందంటే తిరుపతిలో పేనూ తగ్గుతుంది, పురుగులూ తగ్గుతాయి. నలభై దాటిన ఎండలో క్రిప్టోలీమస్‌ను వదలడం డబ్బు పారబోయడమే. పిండినల్లి పని ఫిబ్రవరిలోనే ముగించాలి. పలమనేరు, కుప్పం, పుంగనూరు వైపు పడమటి మండలాల్లో ఇంకో నెల వెసులుబాటు ఉంటుంది. మే నెలలో ఒక్క జొన్న కుండీని షేడ్ నెట్టు కింద, నీళ్ల తొట్టి పక్కన తడిగా ఉంచండి, పది పురుగులైనా అక్కడ గట్టెక్కుతాయి. సెప్టెంబర్‌లో చిక్కుడు విత్తే రోజే గోడ వారగా రెండు కుండీల్లో అలసంద కూడా విత్తండి. నవంబర్ వానలు వెలిశాక మొదటి పేను ఆ అలసంద మీదే పడుతుంది. దాన్ని కడగకండి.